మరల కొబ్బరికాయ

మా బంధువర్గములోని యువకుడొకడు మొదట మిరపపొడి వ్యాపారము పెట్టి, దానిని మూసి విత్తనముల అంగడి తెరచి, అదియు వేరొకరికప్పగించి, ఇప్పుడు శీతలగిడ్డంగులలో సరకు నిలువచేసికొను రైతులకు సెల్‌ఫోనులో ధరలు తెలుపు కంపెనీకి కొబ్బరికాయ కొట్టబోవుచున్నాడట. "బాబాయిగారూ, మీరు తప్పక రావాలి" అని ఈ వారము ఫోనుచేసినాడు. పట్టిన పని అంతు చూడవలెనను నా పాత పాట ఈ శీర్షిక చదువరులకు కంఠోపాఠమే గనుక, నా చిరాకును వర్ణింపనక్కరలేదు.

వానికి బుద్ధి గరపుటకై వెలగపూడి రామకృష్ణగారిని ఉదాహరింపనెంచితిని. రేపల్లె ప్రాంతపు బెల్లంవారిపాలెమున 1896లో జన్మించి, ఐ.సి.ఎస్. అధికారియైన ఆయన, 1941లో కె.సి.పి. సంస్థను స్థాపించి ఉయ్యూరులో చక్కెర పరిశ్రమ నడిపించెను. నరికిన చెరకు నిలువయుండదు. ఎండకు గడ వడలి బరువును తీపియు రెండును తరుగును. గానుగ ఒక్కపూట ఆగెనా, మిల్లు వాకిట బారులుతీరిన బండ్లలోనే రైతు సొమ్ము ఆవిరియగును. అట్టి మిల్లు నడిపినవానికి యంత్రములపై దృష్టి పోవుట సహజమే. 1955లో మద్రాసు చెంత తిరువొత్తియూరున యంత్రనిర్మాణశాల వెలసినది. ఒకదాని కడుపున నొకటి పుట్టవలెనుగాని, ఒకదానిని చంపి యొకటి పుట్టరాదు నాయనా, అని చెప్పదలచితిని.

నా ఉపన్యాసము మాచర్లకు రాగానే ఆగిపోయినది. 1958లో ఆయన అక్కడ సిమెంటు కర్మాగారము నెలకొల్పెను. ఉయ్యూరి చెరకునకును పల్నాటి సున్నపురాయికిని చుట్టరికమేమి? ఆ చేరువనే నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసియుండిరి; సిమెంటుకు గిరాకి కలుగునని గ్రహించుటకు కన్ను చాలును, వంశవృక్షముతో పనిలేదు. అరువదేండ్లు దాటిన వయస్సున కూడ కొత్తది మొదలుపెట్టక ఊరకుండలేని మనిషి యని ఒప్పుకొనక తప్పదు.

ఆ మాటకు వచ్చిన మన రైతు మాత్రమేమి? పత్తికి గులాబిరంగు పురుగు పట్టెనా మిరప, 2021లో వలె మిరపను నల్లతామర పురుగు తినెనా మరల పత్తి. కౌలు, విత్తనము, పురుగుమందు, కోతకూలి, అన్నియు అప్పుతోనే. తొలకరి తొలకరికిని కొత్త కంపెనీ పెట్టువాడతడే. గుంటూరు యార్డులో వ్యాపారి టిక్కీలోనుండి పిడికెడు కాయలు తీసి, అరచేత పరచి, రంగు చూచి, తాలు అంచనా కట్టునంతలో ఆ యేటి కంపెనీ నిలిచినదో కూలినదో తేలిపోవును. అతనిని చపలుడని నేనెన్నడును వ్రాసియుండలేదు.

నిజమునకు నాకు కంటగింపు కంపెనీలు పెట్టువాడు గాడు, ఐ.పి. పెట్టువాడు: రైతునొద్ద సరకు తీసికొని, చీటీ చేతబెట్టి, పైకము అడుగబోవువేళకు కొట్టు ఎత్తివేసి, మరుసటి యేడు భార్యపేర బోర్డు కట్టువాడు. మావాడట్టివాడా యని వాకబు చేసితిని. మిరపపొడి వ్యాపారము మూసిననాడు కాయలిచ్చిన వారందరికిని చివరి రూపాయవరకు చెల్లించినాడట. అందులకై వాని తల్లి తన నగలు బ్యాంకులో తాకట్టుపెట్టినది. అవి ఇంకను విడిపింపలేదు.