నాగార్జునకొండ పడవయాత్ర - ద్వీపశబ్దవిమర్శనము

కావ్యమును విమర్శించినట్లు పడవయాత్రను విమర్శింపవచ్చునా యని కొందఱు శంకింపవచ్చును. యాత్రికునకు వినిపింపఁబడు కథయు నొక వాఙ్మయమే. పండితులు వ్రాసిన గ్రంథములకంటె దానిని వినువారే యెక్కువ. కావున దానికిని బ్రమాణము కావలయును.

మా రెంటచింతలనుండి మాచర్లమీఁదుగా విజయపురి దక్షిణపు రేవునకుఁ బోయి, బడిపిల్లలతోఁ గూడ లాంచీ యెక్కితిని. నలుదెసల నల్లమల కొండలు, నడుమ విశాలమైన జలము. దృశ్యము రమణీయ మనుటలో వివాదము లేదు. కాని దారిలో వినిపించిన కథనమునందు రెండు వాక్యములు విచారింపఁదగినవి. భిక్షువు లీ ద్వీపమున నివసించి రనునది మొదటిది. నాగార్జునాచార్యుఁ డిచ్చట విశ్వవిద్యాలయమును నెలకొల్పె ననునది రెండవది. మొదటి వాక్యమును వినినంతనే యొక బాలుఁడు "అయ్యవారూ, భిక్షువులు భిక్షకుఁ బడవలోఁ బోవుచుండిరా?" యని నన్నడిగెను. ప్రశ్న బాలునిదే, దోషము మాత్రము కథనముది.

ద్వీపశబ్దమును విచారింతము. ద్విశబ్దమునకుఁ బరమైన అప్ శబ్దము నందలి యకారమునకుఁ బాణిని యీకారమును విధించెను. సమాసాంతమైన యకారము చేరఁగా ద్వీపమని రూపసిద్ధి. ఇరుగడల నీరు గలదని యవయవార్థము. ఈ లక్షణము నేఁటి కొండకుఁ జక్కఁగా నన్వయించును. ఇక్ష్వాకులనాఁటి కొండ కన్వయింపదు. నాఁ డిది కృష్ణ కుడిగట్టున, మూఁడువైపులఁ గొండలును నొకవైపు నదియు గల లోయలోనిది. 1955 డిసెంబరు 10న సాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న గాలువలకు నీరు వదలిరి. ఈ నడుమనే లోయ మునిఁగెను. కొండకు ద్వీపత్వము వచ్చి యాఱు దశాబ్దములే యైనది.

ఒక్క శబ్దముచేత నింత చర్చ యేల యందురా? ద్వీపమనఁగానే బాలుని చూపు కొండమీఁదనే నిలుచును. చూడవలసిన నగరము చుట్టునున్న నీటి యడుగున నున్నది. 1926లో రంగస్వామి సరస్వతిగా రా శిథిలములను గుర్తించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టును, 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారును, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారును ద్రవ్వకములు జరిపిరి. మహాచైత్యము, విహారములు, దేవాలయములు, మెట్లమెట్లుగాఁ గూర్చుండు రంగస్థలము బయల్పడినవి. వానిలోఁ గొన్నింటినే కొండమీఁదను, అనుపునందును మరలఁ గట్టిరి. తక్కినవి నీటిపాలైనవి. ఇది చెప్పక ద్వీపమని యూరకుండుట నగరమును రెండవమాఱు ముంచుటయే.

ఇఁక రెండవ వాక్యము. ఇక్ష్వాకుల శాసనములు నగరమును విజయపురి యనియుఁ, గొండను శ్రీపర్వత మనియుఁ జెప్పును. ఆచార్యుఁ డిచ్చట విద్యాలయమును స్థాపించె నను మాట వానిలో లేదు. ఐతిహ్యమును విడువుమని నే ననను. పరోక్షమైన భూతార్థమునకు సంస్కృతమున లిట్టు గలదు. తెలుఁగున నా పని "అఁట" చేయును. నెలకొల్పె ననుటకు మాఱుగా నెలకొల్పెనఁట యనినఁ జాలును. ఐతిహ్యమును నిలుచును, సత్యమును జెడదు.

అంతేకాదు, శాసనములు చెప్పు కథ యీ యైతిహ్యమునకుఁ దీసిపోదు. శాంతమూలుని సోదరియు, వీరపురుషదత్తునకు మేనత్తయు నైన చాంతిసిరి, యాతని పాలనమున నాఱవయేఁట మహాచైత్యమును ముగించెను. బోధిసిరి యను నుపాసిక చులధమ్మగిరిపైఁ దామ్రపర్ణి, యనఁగా సింహళపు, స్థవిరులకుఁ జైత్యగృహము గట్టించెను. ఆ శాసనము కాశ్మీరము, గాంధారము, చీనము మొదలగు దేశములఁ బేర్కొనును. మన పలనాటి లోయలోని యొక స్త్రీ మాట యంత దూరము చూచినది. దీనిని విడిచి ప్రమాణము లేనిదానిని జెప్ప నేల?

పాఠశాలల పండితులకు నా మనవి యొక్కటి. పిల్లలను బడవ యెక్కించుటకు ముందే విజయపురి యను పేరు నేర్పుఁడు. నడుమ నీటిలోఁ గొండను జూపుట పడవవాని పని. నీటిక్రింది నగరమును జూపుట మన పని.