నాలుగు గొంతుల్లో ఒక రేవు

వాయిద్యం ఒక్కటీ లేదు, ఉన్నవి నాలుగు గొంతులే. అయినా వాటర్సన్ కుటుంబం పాట అందుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గొంతులు కలిపి పాడటంలో బ్రిటన్‌లో వీళ్ళని మించినవాళ్ళు లేరు. ఇలాగే గొంతులు కలిపి పాడే కాపర్ కుటుంబం అభిమానులు నొచ్చుకున్నా సరే, నా మాట ఇదే.

ఇంగ్లండ్ తూర్పున, హంబర్ ఒడ్డునున్న హల్ రేవు వీళ్ళది. చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని అమ్మమ్మ దగ్గర పెరిగిన తోబుట్టువులు నార్మా, మైక్, లాల్, వాళ్ళకు తోడు బంధువు జాన్ హారిసన్. బ్లూ బెల్ అనే పబ్బులో సొంతంగా పాటల క్లబ్బు నడిపారు. 1965లో 'ఫ్రాస్ట్ అండ్ ఫైర్' ఆల్బమ్‌తో దేశమంతా వీళ్ళవైపు తిరిగి చూసింది.

ఇంతకీ వాళ్ళ పనితనం ఎక్కడుంది? మన భజనలో అందరిదీ ఒకటే వరస. చర్చి గాయక బృందంలో ఎవరి వరస వారికి ముందే రాసి ఉంటుంది. వీళ్ళది ఆ రెండూ కాదు. ఒకరు పాటను సాదాగా ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అదే వరసలో వచ్చి కలుస్తారు. చరణం నడుమ ఉన్నట్టుండి ఒక గొంతు కిందికి దిగుతుంది, ఇంకొకటి పైకి పోతుంది, రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పాదం చివర మళ్ళీ అందరూ ఒక్క స్వరం మీద వాలతారు. గమకాల సొగసు లేదు, తీపి పూత లేదు. నాలుగు గొంతులూ కరిగి ఒకటైపోవు, దేని గరుకు దానిదే. 1889 తుఫానులో పోయిన చేపల పడవల మీద 'త్రీ స్కోర్ అండ్ టెన్' అనే పాట ఉంది. వాళ్ళు పాడినది నాలుగుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్క గొంతునే పట్టుకుని వెళ్ళండి. నాలుగు వేరు వేరు పాటలు విన్నట్టుంటుంది.

ఊరి మీద ప్రేమ వాళ్ళ ఉచ్చారణలోనే ఉంది. అమెరికా యాస మోజు నడుస్తున్న రోజుల్లో వీళ్ళు హల్ యాసలోనే పాడారు. మైక్ రాసిన 'త్రీ డే మిలియనేర్' సముద్రం మీద వారాలకు వారాలు గడిపి, ఒడ్డున దొరికిన మూడు రోజుల్లో జేబు ఖాళీ చేసుకునే ట్రాలర్ కార్మికుడి పాట. ఆ మూడు రోజుల విలువ హల్‌కు తెలుసు. 1968 శీతాకాలంలో వరసగా మూడు ట్రాలర్లు మునిగి 58 మంది చనిపోయిన ఊరది.

ఆ రేవు ఇప్పుడు అలా లేదు. ట్రాలర్లు నిలిచిన సెయింట్ ఆండ్రూస్ డాక్‌ను 1975లో మూసేశారు. ఆ మరుసటి ఏడు చేపల వేట మీద బ్రిటన్‌కు ఐస్‌లాండ్‌తో ఉన్న తగాదా ముగిసి, దూరపు నీళ్ళలో వేటకు దారి మూసుకుపోయింది. లాల్ 1998లో, మైక్ 2011లో, నార్మా 2022లో వెళ్ళిపోయారు.

నా కడుపుమంట మాత్రం వేరే. 2021లో, నావికులు తాళ్ళు లాగుతూ పాడుకునే ఓడ పాటలు ఫోన్లలో మోత మోగాయి. జనం పాడినందుకు సంతోషమే. కానీ ఆ వెనకే సరుకు దిగింది. సముద్రపు దొంగల టోపీలు, యంత్రంతో సరిచేసిన శ్రుతి, కింద డప్పుల దరువు, ఒక్క గొంతునే పది పొరలుగా పేర్చి 'బృందం' అనడం! తాడు పట్టి లాగే మనిషికి ఊపిరి అందక గొంతు వణుకుతుంది. ఆ వణుకుని తుడిచేశాక ఇంకేం మిగిలింది? యంత్రం మీద అచ్చు వేసిన కలంకారీని చేతి పని అని అమ్మడం కంటే ఇది ఏం మెరుగు?

విశాఖ, కాకినాడ, బందరు వాళ్ళకి నాదొక మనవి. పడవను ఒడ్డుకు లాగుతూ మన జాలర్లు అందుకునే 'హైలెస్సా' కూడా ఇలాంటి పాటే. దానికి దరువులు తగిలించకండి, శ్రుతి సరిచేయకండి. మీ ఇంట్లో అలా పాడే ముసలమ్మ ఉంటే ఈ రాత్రే పక్కన కూర్చుని ఆవిడతో గొంతు కలపండి. హల్‌లో తల్లిదండ్రులు లేని ముగ్గురు పిల్లలకు పాట అమ్మమ్మ ఇంట్లోనే దొరికింది.