మైనం మీద మెట్లు

ఏడాది చివరికొచ్చేసరికి ఆ ఏటి మేటి ఆల్బమ్‌ల లెక్క మొదలవుతుంది. తెలుగులో ఆ లెక్క తీస్తే దాదాపు అన్నీ సినిమా ఆడియోలే తేలతాయి. సినిమా పాటని తక్కువ చేయాల్సిన పని లేదు, అంతమంది చెవిన పడ్డ సంగీతం మనకి మరొకటి లేదు. కానీ పల్లవి, రెండు చరణాలు, నాలుగైదు నిమిషాలు అనే కొలతలో ఇమడని సంగీతం తెలుగు నేల మీద బోలెడుంది. వాద్య సంగీతమైతే మరీను. పాలకొల్లు మాండలిన్, కాకినాడ వీణ, కరవది నాదస్వరం, పాలమూరు కిన్నెర. ఈ ఏడు ఏం వినాలని అడిగేవాళ్లకి ముందు చెప్పాల్సినవి ఇవే. రికార్డులు చాలావరకు పాతవే. మొదటిసారి వినేవాళ్లకి మాత్రం కొత్తవే కదా.

హైదరాబాద్ మూసాపేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోయేవాళ్లు అమీర్‌పేటలో రైలు మారాలి. భరత్‌నగర్, ఎర్రగడ్డ, ఈఎస్‌ఐ, ఎస్‌ఆర్ నగర్ దాటి అమీర్‌పేట చేరేలోపు రెండు సినిమా పాటలు అయిపోతాయి. అదే ఓ ఆలాపన పెట్టుకుంటే రాగం ఇంకా కింది స్వరాల దగ్గరే తిరుగుతుంటుంది. ఇలాంటి సంగీతానికి ఈ ప్రయాణం మంచి చోటు. ఇయర్‌ఫోన్లలో తీగ మీద వేలు జరిగిన చప్పుడు కూడా తెలుస్తుంది. హాల్లో వెనక వరసలో కూర్చున్నవాళ్లకి అది దొరకదు.

ఆ వేలి చప్పుడు కోసమే ముందు ఉప్పలపు శ్రీనివాస్ రికార్డు పెట్టుకోవాలి. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణ మాండలిన్‌నే చిన్నప్పుడు చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. ఆ చదువే ఆ వాద్యాన్ని మార్చేసింది. మాండలిన్ మీద వేళ్లు ఎక్కడ పడాలో చెప్పే గురువు ఉంటే ఆ వాద్యానికి వీలైనవే నేర్పేవారేమో. గొంతు పలికిందల్లా పలకాలన్నప్పుడు వాద్యమే దారికి రావాల్సి వచ్చింది.

ఎలా వచ్చిందో చూడాలి. పాశ్చాత్య మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. జతలో రెండు తీగల్నీ ఒకేలా లాగి గమకం పలికించడం చాలా కష్టం, ఒకటి కాస్త ఎక్కువ సాగినా అపశ్రుతే. పైగా మీటిన నాదం చిటికెలో చచ్చిపోతుంది. అందుకే ఆ వాద్యకారులు మీటిన స్వరాన్నే గబగబా మళ్లీ మళ్లీ మీటుతుంటారు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నారు. జతలు తీసేసి ఒంటి తీగలు వేశారు, మంద్రస్థాయి అందడానికి ఐదో తీగ చేర్చారు. విద్యుత్తు నాదాన్ని నిలబెట్టింది, ఒంటి తీగ గమకానికి లొంగింది.

ఇందులో గొప్ప ఏముందో తెలియాలంటే తోడి రాగంలో గాంధారం వినాలి. కాగితం మీద అదొక స్వరం. పాటలో మాత్రం అది ఒకచోట నిలవదు. కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది, ఆ ఊపులోనే తోడి తోడి అవుతుంది. మెట్లు బిగించిన వాద్యం మీద ఆ గాంధారాన్ని ఊరికే నొక్కి మీటితే స్వరం వస్తుంది, రాగం రాదు. మెట్టు ఒప్పుకోని ఆ చోటికి తీగని లాగి, జార్చి, మళ్లీ తెచ్చి నిలపాలి. శ్రీనివాస్ పని మొత్తం అక్కడే ఉంది. వేగం చూసి చప్పట్లు కొట్టినవాళ్లే ఎక్కువ గానీ, ఆయన విద్వత్తు నెమ్మదిగా వాయించినప్పుడే బయటపడుతుంది.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి 14 ఏళ్లు. ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ అనే కర్ణాటక ఆల్బమ్‌నీ, మరుసటి ఏడు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’నీ విడుదల చేసింది. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ప్రయోగాలంటే ఇష్టపడేవాళ్లు ‘డ్రీమ్’ దగ్గర ఆగుతారు. కానీ ఏదో ఒక్కటే వినగలిగితే ‘రామ శ్రీరామ’ వినాలి.

పరాయి వాద్యాన్ని మన చేతికి అలవాటు చేయడం శ్రీనివాస్‌తో మొదలైంది కాదు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1936లో దానికి అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్‌ని పక్కవాద్యపు పీట మీద నుంచి లేపి సొంత కచేరీ వాద్యంగా నిలబెట్టారు. పొడుగ్గా, తెగకుండా సాగే ఆయన కమాను పాత రికార్డుల గరగరలోంచి కూడా వినపడుతుంది.

వీణ సంగతి వేరు. దాని 24 మెట్లూ మైనంలో కూర్చిన ఇత్తడి కడ్డీలు. తీగని మెట్టు మీద అడ్డంగా లాగితే ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలుకుతాయి. అంటే గమకానికి పుట్టిన వాద్యమే. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు ఇద్దరూ మద్రాసు సినిమా స్టూడియోల్లో పనిచేసినవాళ్లు. మైకు ముందు ఎంత మెల్లగా మీటినా చాలన్న ధైర్యం వాళ్లకి అక్కడే అబ్బి ఉండాలి. మీటు తక్కువ, లాగు ఎక్కువ. చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’లో కోయిల కూత ఆ లాగులోనే పలుకుతుంది.

నాదస్వరానికి మెట్లూ లేవు, తీగలూ లేవు. ఏడు రంధ్రాలు, ఒక పీక, ఊపిరి. రంధ్రం సగం మూయడం, పెదవి బిగించడం, ఊపిరి తగ్గించడం: ఇంతే సాధనం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టారు. 1998లో సంగీత కళానిధి బిరుదు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇది గుడి వీధుల కోసం తయారైన గొంతు కాబట్టి ఇయర్‌ఫోన్లలో శబ్దం తగ్గించి వినాలి. అప్పుడే ఆ ఊపిరి ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది.

ఇక కిన్నెర. వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన తీగ. మెట్లని పూర్వం అలుగు అనే జంతువు పెంకులతో చేసి తేనె మైనంతో అతికేవారు. మళ్లీ మైనమే! ఆస్థానాల్లో పూజలందుకున్న వీణ మెట్లూ, డక్కలి కులంవాళ్లు ఊరూరా భుజాన మోసిన కిన్నెర మెట్లూ నిలబడింది ఒకే పదార్థం మీద. చేతిపని ఒక్కటే, తెలివి ఒక్కటే. దక్కిన మర్యాదలో మాత్రం ఎక్కడా పొంతన లేదు. వీణకి కళాశాలలు, పరీక్షలు, రికార్డులు ఉన్నాయి. కిన్నెర తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది, చాలా ఇళ్లలో అక్కడితో ఆగిపోయింది.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. పండుగ సాయన్న, మియాసాబ్ లాంటి పాలమూరు వీరుల కథలు పాడతారు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆయన గొంతు వినపడ్డాకే నగరాల్లో చాలామందికి ఆ వాద్యం పేరు తెలిసింది. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. సినిమా ఆయనకి మేలే చేసింది. కాకపోతే ఆ పాటలో వినపడేది కథ ఎత్తుగడ మాత్రమే. కిన్నెర అసలు పని ఎత్తుగడ దాటాక మొదలవుతుంది. గొంతు ఒక వాక్యం చెప్పి ఆగుతుంది, తీగ అదే వాక్యాన్ని తిరిగి అంటుంది, ఆ వ్యవధిలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, వినేవాడు జరిగింది మనసుకి ఎక్కించుకుంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం అరగంట నడిస్తే తప్ప చెవికి పట్టదు.

ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటివారు ఊరూరా తిరిగి ఇలాంటి వాద్యాల్ని సేకరించారు. వాద్యం దొరికింది సరే, దాని పలుకు కూడా అంత శ్రద్ధగా దాచాలి. అలుగు ఇప్పుడు చట్టం కాపాడుతున్న జంతువు, పాత పద్ధతి మెట్లు ఇక రావు. కొత్త మెట్లు దేంతో చేసినా పాత నాదం ఎలా ఉండేదో పోల్చుకోవడానికి రికార్డు ఉండి తీరాలి. ఇన్ని రికార్డింగ్ గదులున్న హైదరాబాద్‌కి ఇది పెద్ద పనేం కాదు. కథ మొత్తం పాడించాలి, వెనక కీబోర్డు, ప్యాడ్‌లు పెట్టకూడదు, ఒక మైకు గొంతుకి, ఒకటి బుర్రల దగ్గర. మధ్యలో దగ్గినా, తీగ సవరించుకున్నా కత్తిరించకుండా ఉంచాలి.