ఉరుముకో మాట, మెరుపుకో మాట

ఇంగ్లీషు రాసేటప్పుడు మనవాళ్ళని పట్టించే మాటలు కొన్నున్నాయి: అడ్వైసెస్, ఫర్నిచర్స్, లగేజెస్. తెలుగులో సలహాలు ఎన్నైనా ఇచ్చుకోవచ్చు, లెక్కపెట్టుకోవచ్చు. ఇంగ్లీషులో లెక్కపెట్టాలంటే ముందు సలహాని ముక్క చెయ్యాలి. అందుకు 'పీస్' ఉంది. అది కత్తిపీట లాంటిది, వార్తనైనా సామానునైనా ఒకేలా తరిగిపెడుతుంది. వ్యాకరణ పుస్తకాలు చాలావరకు దాంతోనే సరిపెడతాయి. అసలు పనితనం అక్కణ్ణించి మొదలవుతుంది.

ఉరుమునే చూడండి. నెత్తిమీద ఒక్కసారిగా ఫెళ్ళుమంటే 'క్లాప్ ఆఫ్ థండర్', చప్పట్లకి వాడే మాటే. ఆగకుండా మోగుతూ పోతే 'పీల్', ఇది చర్చి గంటల మోతది. ఎక్కడో దూరాన గుడగుడలాడితే 'రంబుల్'. ఎంత దగ్గర ఉరిమిందో, ఎంతసేపు ఉరిమిందో అంతా ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. ఇక విశేషణంతో పనేముంది? మెరుపు దగ్గరికొస్తే పని చెవి నుంచి కంటికి మారుతుంది. తళుక్కుమంటే 'ఫ్లాష్'. చెట్టుమీద పడితే 'బోల్ట్'. బోల్ట్ అనగానే మనకి నట్టు గుర్తొస్తుంది గానీ, ఇది మీట నొక్కి వదిలే విల్లులో పెట్టే పొట్టి బాణం. ఫ్లాష్ కనిపిస్తుంది, బోల్ట్ తగులుతుంది. మనకి మెరుపు, పిడుగు అని రెండు పేర్లు విడిగా ఉండటంతో ఈ బెడద లేదు.

కంటికి ఆనని వాటి దగ్గర నేర్పు ఇంకా సన్నం. నిజానికి 'గ్రెయిన్', సాక్ష్యానికి 'ష్రెడ్'. రెండూ రవ్వంతే. కానీ గింజ చిన్నదైనా గింజే. పుకారులోనూ గింజంత నిజం ఉందని ఒప్పుకోవడానికి అది వస్తుంది. ష్రెడ్ అంటే చింపగా మిగిలిన పేలిక. అది ఎక్కువగా 'నాట్ ఎ ష్రెడ్ ఆఫ్ ఎవిడెన్స్' అని కొట్టిపారెయ్యడానికే. ఈ మొగ్గు ఏ సూత్రంలోనూ దొరకదు, చదవగా చదవగా చెవికి పట్టాలి.

గడ్డిపోచకి 'బ్లేడ్' అన్నారంటే కత్తితో పోల్చారనుకుంటాం. జరిగింది తిరగేసి. పాత ఇంగ్లీషులో ఆ మాటకి ఆకు అని అర్థం, కత్తి అలుగు తర్వాత వచ్చింది. వెల్లుల్లి రెబ్బని 'క్లోవ్' అంటారు. దానికీ లవంగానికీ చుట్టరికం లేదు, అది చీలడం నుంచి పుట్టిన మాట.

బఠానీ కథ వేరు. 'పీజ్' ఒకప్పుడు ఏకవచనం, రాశిగా చెప్పుకునే మాట. చివరి ధ్వని బహువచనంలా వినబడేసరికి 17వ శతాబ్దంలో జనం దాని తోక కోసేసి 'పీ' అనే గింజని చేసుకున్నారు. ఇప్పుడు బఠానీలని ఊరికే లెక్కపెట్టుకోవచ్చు. బియ్యానికి మాత్రం ఇంకా 'గ్రెయిన్ ఆఫ్ రైస్' అనాల్సిందే.