కావ్యయాత్ర : ఇథాకాద్వీపమును ఘనగిరియును

కావ్యమును జదివిన వెనుక అందలి కొండను, ఏటిని, ఊరిని కన్నులార జూడవలెనను కోరిక పాశ్చాత్యులలో మిక్కిలి ప్రబలమైనది. మన పూర్వులకు యాత్ర యన క్షేత్రయాత్రయే. 1830వ సంవత్సరమున చెన్నపురినుండి బయలుదేరి, పదునైదు మాసములకు పైగా సంచరించి, కాశికి బోయివచ్చిన యేనుగుల వీరాస్వామయ్య దారిపొడవునను దేవాలయములను, బసలను, నదులను, జనుల యాచారములను శ్రద్ధతో వ్రాసియుంచెను; కవినివాసములను వెదకుట యాతని యాత్రాచరిత్రమునకు బ్రధానోద్దేశము కాదు. నేడు పాఠశాలాపండితులును విద్యార్థులను వెంటబెట్టుకొని హంపికిని, పెనుగొండకును, లేపాక్షికిని బోవుచున్నారు. ఇట్టి యాత్రవలన కావ్యమున కేమి లాభము? స్థలము కావ్యమునకు సాక్ష్యమిచ్చునా? ఇచ్చినచో దేనికి?

ఈ ప్రశ్నను పరీక్షించుటకు మధ్యధరాసముద్రములోని ఇథాకాద్వీపము దగిన గీటురాయి. గ్రీసుదేశమునకు బడమట నున్న చిన్నద్వీపమది. హోమరుని ఒడిస్సీకావ్యమున నాయకుడైన యొడిస్సియుసు ట్రాయియుద్ధము ముగిసిన పదియేండ్లకు జేరుకొనిన స్వదేశము. కావ్యముయొక్క తొమ్మిదవ భాగమున నాయకుడు తన ద్వీపమును వర్ణించుచు, అది పల్లపునేల యనియు, తక్కిన ద్వీపములు తూర్పుదిక్కున నుండగా దనది పడమటిచీకటివైపున గడపటిదై యున్నదనియు జెప్పును. నేటి ఇథాకా కొండలమయము. దానికి బడమట సెఫలోనియా యను పెద్దద్వీపము గోడవలె నిలిచియున్నది. వర్ణనము నేలకు బొసగలేదు.

ఈ విరోధము నిన్న మొన్న కనుగొన్నది కాదు. క్రీస్తుశకారంభకాలమున నున్న స్ట్రాబో యను భూగోళశాస్త్రజ్ఞుడు దీనిని జర్చించి, ‘పల్లము’ అను శబ్దమునకు ‘ప్రధానభూమికి సమీపమైనది’ యనియు, ‘చీకటిదిక్కు’ అనగా ఉత్తరదిక్కనియు నర్థము చెప్పెను. మూలమును దిద్దక, శబ్దమున కర్థాంతరము గల్పించి కవిని రక్షించు నీమార్గము మన వ్యాఖ్యాతల కెంతయు బరిచితమైనదే. తరువాతివారు గ్రంథమును విడిచి గునపమును బట్టిరి. విలియం గెల్లు ద్వీపమును స్వయముగా జూచి 1807లో దాని భూగోళమును బ్రకటించెను. ష్లీమను 1868లో నచ్చటికి బోయి యేటోసుకొండపై ద్రవ్వించెను. ట్రాయి త్రవ్వకములలో నాతనికి సహాయుడైన డోర్పుఫెల్డు హోమరుని ఇథాకా యది కాదనియు, ఉత్తరముననున్న లెవ్కాసుద్వీపమే యనియు వాదించి, ఆ ద్వీపముననే యనేకవత్సరములు గడపి 1940లో నచ్చటనే మృతినొందెను. 2005లో బిటిల్‌స్టను అను నాంగ్లేయుడు సెఫలోనియాయొక్క పడమటి కొమ్మయైన పాలికియే యొకప్పుడు వేఱుద్వీపమై ఇథాకాయని పిలువబడెనని మఱియొక సిద్ధాంతమును లేవదీసెను.

వీనిలో లెవ్కాసుకథ విచిత్రమైనది. ఆ ద్వీపమును ప్రధానభూమినుండి వేఱుచేయునది సన్నని కాలువ మాత్రమే. నేడు వంతెనమీదుగా బండిలోనే పోవచ్చును. భూమార్గమున ద్వీపమును జేరు కావ్యయాత్ర యొకటి గలదన్న నిదియే. ఒడిస్సీయందు ఇథాకావాసులు క్రొత్తగా వచ్చిన వానితో, నీవు కాలినడకను వచ్చితివని తలపను సుమా యని పలుకుట మాటిమాటికి వచ్చును. దానిని ద్వీపవాసుల పరిహాసముగా గొందఱు గైకొనిరి. నడచి రాదగిన ద్వీపమైననే యా మాట కర్థముండునని మఱికొందఱు దానినే సాక్ష్యముగా జేసికొనిరి. ఒక హాస్యోక్తిని బట్టి ద్వీపమును నిర్ణయించుట పాండిత్యమునకు శోభ గాదు.

ఇంతకును త్రవ్వకములలో దొరకిన దేమి? ఇథాకాయందలి పోలిసుతీరపు గుహలో 1930 మొదలు జరిగిన త్రవ్వకములలో క్రీస్తునకు బూర్వము తొమ్మిది, ఎనిమిది శతాబ్దులకు జెందిన కంచు ముక్కాళ్లపాత్రలు కనబడినవి. ఒడిస్సియుసునకు మ్రొక్కుబడిగా సమర్పించినదని వ్రాత గల యొక మట్టిముసుగు ముక్కయు దొరకినది. ఇది క్రీస్తునకు బూర్వము రెండవ, మొదటి శతాబ్దులనాటిది. ఆ ముక్క యొడిస్సియుసు జీవించెనని చెప్పదు. కావ్యము పుట్టిన యెన్నియో శతాబ్దుల తరువాత దానిని విన్నవారు ఆ గుహకు వచ్చి మ్రొక్కిరని మాత్రము నిస్సంశయముగా జెప్పును. స్థలము నాయకునికి సాక్షి గాలేదు; శ్రోతలకు సాక్షి యయ్యెను.

మన యాలంకారికు లీ విషయమును ముందుగానే యోచించిరి. భామహుడును దండియు దేశవిరోధమును గావ్యదోషములలో జేర్చిరి. ఆ దండియే మహాకావ్యమున నగరమును, సముద్రమును, శైలమును, ఋతువులను వర్ణింపవలెనని విధించెను. సముద్రము నెన్నడును జూడని కవికి నీ విధి దప్పదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దేశవిభాగమును వేఱుగ దెలుపుచునే, ఏటినీటిలో దామరలుండుట, జలాశయమాత్రమున హంసలుండుట, కొండయెల్ల రత్నములకు గని యగుట మున్నగువానిని కవిసమయములుగా నంగీకరించెను. కావున నేలను జూచి కావ్యమును దప్పుపట్టబోవువాడు మొదట ఆ వర్ణనము లోకవృత్తమో కవిసమయమో తేల్చుకొనవలెను. ఇథాకాను వెదకినవారిలో బెక్కురు ఈ మొదటి పనిని జేయక రెండవ పనికి దిగిరి.

ఇక ఘనగిరి యనబడు పెనుగొండ. హిందూపురమునుండి పెనుగొండకు బోవుదారిలో సోమందేపల్లె గలదు. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022 మొదలు శ్రీసత్యసాయిజిల్లాలో జేరినది. ఈ పీఠభూమిలో సంవత్సరమునకు గురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు దలచినపుడు రాదు. ఎఱ్ఱనేల, రాతిగుట్టలు, వేరుసెనగచేలు, గొఱ్ఱెలమందలు, మేకలమందలు. సముద్రము తూర్పునను బడమటను వందలమైళ్ల దవ్వు. ఒడిస్సీ చదివినవాని కీ చోట ఆ కావ్యములోని యొక ఘట్టము స్ఫురింపక మానదు. పరలోకమున ద్రష్టయైన టైరీసియసు నాయకునితో, నీవు స్వదేశమును జేరిన వెనుక నోడతెడ్డును భుజమునబెట్టుకొని, సముద్రము నెఱుంగని జనుల నడుమకు భూమార్గమున బొమ్మనియు, దారిలో నొకడు ఆ తెడ్డును ధాన్యము తూర్పారబట్టు పనిముట్టని భ్రమించినచోట దానిని నేల నాటి సముద్రదేవతకు బలియిమ్మనియు జెప్పును. తెలుగున నీ ఘట్టమును విడమఱచి చెప్పనక్కఱయే లేదు. తెడ్డు అను నొక్కమాటకే ఓడ నడపు సాధనమనియు, సంగటి కెలకు కొయ్యగరిటె యనియు నర్థములు గలవు. సోమందేపల్లెలో తెడ్డనగానే స్ఫురించునది వంటయిల్లే. అదే కావ్యమున టెలిమేకసు, తనకు గుఱ్ఱములను బహూకరింపబోయిన రాజుతో, ఇథాకాయందు గుఱ్ఱములు మేయు బయళ్లు లేవనియు, అది మేకలు మేయు నేలయైనను దనకు గుఱ్ఱములు మేయు నేలకంటె బ్రియమైనదనియు జెప్పి వానిని మరలించును. ఈ మాట యిచ్చటివారికి వ్యాఖ్యానము లేకయే తెలియును.

ఇట్టి కఱవునేలలోని రాజధానికి సంబంధించిన కావ్యము వసుచరిత్రము. 1565 జనవరిలో రక్కసి-తంగడి యుద్ధమున విజయనగరసేన లోడెను, అళియరామరాయలు నిహతుడయ్యెను, హంపి పాడువడెను. ఆతని తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండను రాజధానిగా జేసికొని 1570 ప్రాంతమున బట్టము గట్టుకొనెను. రామరాజభూషణుడు వసుచరిత్రము నంకితము చేసిన దీ తిరుమలరాయలకే. తెలుగు విద్యార్థికి హంపియన గృష్ణరాయల భువనవిజయము వెంటనే తోచును గాని, పెనుగొండ యన్న వసుచరిత్రము తోచుట యరుదు. కవిగౌరవము రాజగౌరవము వెంట బోయినదనుట కిదియొక నిదర్శనము.

వసుచరిత్రకథకు మూలము భారతములోని యుపరిచరవసువు వృత్తాంతము. కోలాహలమను పర్వతము శుక్తిమతీనది కడ్డుపడగా, వసురాజు దానిని గాలితో దన్ని నదికి దారిచేసెను. ఆ నదీపర్వతములకు బుట్టిన గిరికను వివాహమాడెను. ఆ చిన్నకథను రామరాజభూషణుడు శ్లేషతోను, నాదసౌష్ఠవముతోను ఆఱాశ్వాసముల ప్రబంధముగా బెంచెను. అందు జలసమృద్ధికి, ఉద్యానములకు, వసంతమునకు గొదువ లేదు. ఈ కావ్యమును జేతబట్టుకొని పెనుగొండకొండ యెక్కినవాడు శుక్తిమతిని గానడు. అది చేదిదేశపు నది, పురాణప్రసిద్ధము. ఆ యుద్యానములు ప్రబంధధర్మమువలన వచ్చినవి. దేశవిరోధమనుట కవకాశమే లేదు.

అట్లయిన యాత్ర నిష్ఫలమా? కాదు. విజయనగరప్రభువుల కాలమున నీ ప్రాంతమున నీటికై జరిగిన ప్రయత్నమునకు 1388వ సంవత్సరపు శాసనమొకటి గలదు; గౌరిబిదనూరు తాలూకాలోనిది. హరిహరరాయల కుమారుడైన ప్రతాపబుక్కరాయలు పెనుగొండలో నుండి, జలమే ప్రాణులకు బ్రాణమని తలచి, పెన్నానదిని పెనుగొండకు దెమ్మని జలసూత్రజ్ఞుడైన సింగాయభట్టున కాజ్ఞాపించెననియు, ఆతడు కాలువను త్రవ్వించి సిరువెరచెఱువువఱకు నీటిని దెచ్చెననియు, ఆ కాలువకు బ్రతాపబుక్కరాయల పేరు పెట్టెననియు నందున్నది. కొండ నడ్డుతొలగించి నదిని విడిపించిన రాజుకథను, నదిని దెమ్మని రాజాజ్ఞ వెలువడిన యూరిలో నిన్నూటికి గొంచెము తక్కువ యేండ్ల తరువాత నొక రాజున కంకితమిచ్చిరి. ఇది కవి యెఱిగి చేసినదని చెప్పుట కాధారము లేదు. కథ భారతమునుండి వచ్చినది. కవి దృష్టి శ్లేషమీదను శృంగారముమీదను నున్నది. కాని చెఱువు నిండునా యని మొగులువైపు జూచు శ్రోతకు వసురాజుయొక్క పాదతాడనము కేవలము శృంగారకథకు నాందిగా వినబడదు. ఈ యర్థమును గవికి నంటగట్టుట పొరపాటు. శ్రోతకు నిషేధించుట యంతకంటె బెద్ద పొరపాటు. పోలిసుగుహలోని మట్టిముక్కవలెనే యిదియు శ్రోతలపక్షపు సాక్ష్యము.

స్థలము చూపు రెండవవిషయము, కావ్యము మౌనము వహించినది. రాజ్యము విఱిగిన యైదాఱేండ్లకు బట్టము గట్టుకొనిన రాజుకొలువులో వెలసిన కావ్యమున నా విఱుగుడు కథావస్తువు కాలేదు. పెనుగొండ కోటగోడలను, కొండపై గాపుగాయు బురుజులను జూచిన వెనుక నా మౌనము చెవికి సోకును. ప్రబంధకవులకు లోకజ్ఞానము తక్కువయని యాక్షేపించు నాధునికులు, చెప్పకుండుటయు నొక్కొకయెడ రాజాస్థానమున నుద్దేశపూర్వకమే కావచ్చునని యోచింపరు. వసంతవర్ణనము ఏ యూరిలో, ఏ దినములలో వినబడినదో తెలిసికొన్నపుడు దాని బరువు మాఱును. శబ్దము మాఱదు.

పుట్టపర్తి నారాయణాచార్యుల పెనుగొండలక్ష్మి దీనికి సరిగా నెదురుగ నిలుచును. 1914లో ననంతపురము జిల్లా చియ్యేడున జన్మించిన యీ కవి బాల్యము పెనుగొండలో గడచినది. ఈ ఖండకావ్యమును మిగుల జిన్నతనముననే రచించెను. వసుచరిత్రమునకు విషయము గానిదే దీనికి విషయము. రాజు లేడు, కొలువు లేదు, అంకితము గొని సత్కరించు చేయి లేదు, మిగిలినది శిథిలము. ఆ తరమున నిట్టి శిథిలకావ్యములు తెలుగున బెక్కు పుట్టెను. కొడాలి వేంకటసుబ్బారావుగారి హంపీక్షేత్రమును నా కోవలోనిదే. ఇట్టివానియందలి గుణము, కవి కవిసమయముల నాశ్రయింపక యెదుటనున్న ఱాతిని జూచుట. లోపమును లేకపోలేదు. రాజవైభవమే యూరి జీవమని తలచి, అది పోగానే యూరంతయు బోయినట్లు విలపించుట యీ జాతికావ్యముల కలవాటు. పెనుగొండలో గగనమహలునకు, పాడువడిన బురుజులకు నవతల, చెఱువుక్రింద మడి దున్నువాడును, దర్గాకు మ్రొక్కుకొని వచ్చువాడును నెన్నడును లేకపోలేదు. పండితులు తరగతిలో నీ కావ్యమును జరిత్రగ్రంథమువలె జెప్పుట మఱింత యనర్థము. 1565 నాటి సంగతులకు శాసనములును సమకాలికుల వ్రాతలును బ్రమాణములు. పెనుగొండలక్ష్మి యిరువదవ శతాబ్దియం దొక బాలుడు ఆ కొండక్రింద నిలిచి యేమి వినెనో దానికి బ్రమాణము.

నారాయణాచార్యులు పిమ్మట విద్వాన్ పరీక్షకు జదువుచుండగా పెనుగొండలక్ష్మియే పాఠ్యగ్రంథములలో నొకటిగా నుండెను. తాను బాల్యమున రచించిన దానిమీద నితరులు వేసిన ప్రశ్నలకు దానే కూర్చుండి సమాధానములు వ్రాయవలసివచ్చెను.