పాలవంటి జిగురు: ఆక్రిలిక్ రంగుల పుట్టుక, ప్రాభవం

చిత్రకారుడు వాడే ఏ రంగులోనైనా ప్రధానంగా ఉండేవి రెండు పదార్థాలు: వర్ణాన్నిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచి గుడ్డకో గోడకో అంటించే జిగురు. తైలవర్ణాల్లో ఈ రెండో పని అవిసె నూనె చేస్తుంది. నీటి రంగుల్లో తుమ్మ జాతి చెట్ల బంక, టెంపెరాలో కోడిగుడ్డు సొన. ఆక్రిలిక్ రంగుల్లో పొడులు చాలావరకు పాతవే, మారింది జిగురు. ఆ ఒక్క మార్పే చిత్రకారుడి పనివేగాన్నీ, క్రమేణా చిత్రపు రూపాన్నీ మార్చింది.

ఈ జిగురు చిత్రశాలలో పుట్టినది కాదు. జర్మన్ రసాయనవేత్త ఒట్టో రోమ్ 1901లో ఆక్రిలిక్ పాలిమర్ల మీద, అంటే చిన్న అణువులు గొలుసుకట్టుగా కూడి ఏర్పడే పదార్థాల మీద, పరిశోధన వ్యాసం సమర్పించాడు. అతడు ఒట్టో హాస్‌తో కలిసి 1907లో స్థాపించిన సంస్థ 1930లలో వాటి నుంచి ప్లెక్సిగ్లాస్ అనే పారదర్శక పలకలను తయారుచేసింది. ఆ కాలంలోనే మెక్సికో కుడ్యచిత్రకారులు ఎండకూ వానకూ తట్టుకునే రంగు కోసం వెతుకుతున్నారు. వారిలో ఒకడైన సికెరోస్ 1936లో న్యూయార్క్‌లో నడిపిన ప్రయోగశాలలో కార్లకు పూసే లాకర్ రంగులతో బొమ్మలు వేయడం నేర్పగా, అక్కడ చేరినవారిలో యువకుడైన జాక్సన్ పొలాక్ కూడా ఉన్నాడు.

కళాకారుల కోసమే తయారైన తొలి ఆక్రిలిక్ రంగు మాగ్నా, న్యూయార్క్‌లో లెనర్డ్ బోకుర్, శామ్ గోల్డెన్‌ల చేతుల మీదుగా 1940ల చివర వెలువడింది. అది టర్పెంటైన్‌లో కరిగేది, ఆరిన తరువాత కూడా కరిగేది. కనుక మీద వేసే పూత కింది పూతను కదిపే ప్రమాదం ఉండేది. అయితే నూనె నేరుగా తగిలితే నూలు కాన్వాసు కాలక్రమంలో చివికిపోతుంది, మాగ్నాతో ఆ బెడద లేదు గనుక, మోరిస్ లూయిస్ వంటి చిత్రకారులు పూత వేయని గుడ్డ మీద పలుచని మాగ్నాను పారించి, రంగును గుడ్డ పైపొరగా గాక గుడ్డలోని మరకగా నిలిపారు.

నీటితో కలిసే రంగు తరువాత వచ్చింది. హెన్రీ లెవిసన్ సంస్థ 1955లో విడుదల చేసిన లిక్విటెక్స్‌లో పాలిమర్ నీటిలో కరగదు, పాలలో వెన్నలా సూక్ష్మ కణాలుగా తేలుతుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ కణాలు దగ్గరపడి, ఒకదానిలో ఒకటి కలిసి పొరగా మారతాయి. ఆ పొర మళ్లీ నీటికి కరగదు. నూనె పొర ఆరడానికి రోజులు పడితే, పలుచని ఆక్రిలిక్ పూత నిమిషాల్లో ఆరుతుంది. తెల్లగా ఉన్న జిగురు ఆరి పారదర్శకం కావడంతో వర్ణం తడిలో కంటే ముదురుగా తేలుతుంది. కొత్తగా పట్టినవారిని తికమకపెట్టేది ఇదే.

నూనెరంగుకు చౌకైన బదులుగా చూసినంతకాలం దీని సత్తా బయటపడలేదనే చెప్పాలి. తడి మీద తడి కలిపి నీడలు మెత్తగా దిద్దడంలో ఇది నూనెకు సాటిరాదు. ఆరిన చోట టేపు అంటించి, రోలరుతో సమతలంగా రంగు పరచి, గీతను కత్తితో కోసినట్టు నిలపడంలో మాత్రం దీనికి ఎదురులేదు. కాలిఫోర్నియాలో ఈ రంగును చేపట్టిన డేవిడ్ హాక్నీ 1967 నాటి ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’ చిత్రంలో ఆకాశాన్నీ ఈతకొలనునూ ఇలాగే చదునుగా పరిచాడు. క్షణంలో లేచి పడిపోయే నీటి చిమ్ముడును మాత్రం చిన్న కుంచెలతో సుమారు రెండు వారాలు దిద్దాడు. త్వరగా ఆరే రంగు అంటే త్వరగా ముగిసే పని అని కాదు మరి.

ఈ రంగుకు ఇబ్బందులూ ఉన్నాయి. కణాలు నీటిలో విడివిడిగా నిలవడానికి చేర్చిన సబ్బువంటి ద్రవ్యాలు ఆరిన తరువాత మెల్లగా పొర పైకి చేరతాయి. పొర గది వేడిమికే కొంత మెత్తగా ఉండి ధూళిని పట్టుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే ఆ ద్రవ్యాలూ కొంత పోతాయి గనుక శుభ్రపరచడం సంగ్రహాలయాల నిపుణులకు సున్నితమైన సమస్య. గట్టి చలిలో అదే పొర పెళుసెక్కుతుంది. అప్పుడు ఆక్రిలిక్ చిత్రాన్ని చుట్ట చుట్టినా, రవాణాలో కుదుపు తగిలినా బీటలు వారవచ్చు.