అంచు కుదిరిన ఫిల్టర్

డర్ట్ బైక్ సీటు ఎత్తితే కనిపించే ఎయిర్ ఫిల్టర్ చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. గుండ్రంగా, మధ్యలో బోలుగా, నూనె పట్టి జిడ్డోడుతూ ఉండే స్పాంజి అంతే. దాన్ని కడిగి బిగించే పనిని చాలా షెడ్డుల్లో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి అప్పగిస్తారు. మోటార్‌సైకిల్ పనుల్లో ఇంతకంటే శ్రద్ధ కోరే పని మరొకటి లేదని నా నమ్మకం. ఇందులో తప్పు జరిగితే ఆ రోజున తెలియదు. బండి స్టార్టవుతుంది, గుట్టలెక్కుతుంది, దూకుతుంది. ఇంజన్ లోపల మాత్రం పిస్టన్ రింగులు అరుగుతూ ఉంటాయి.

ఈ పనిని శ్రద్ధగా చేసే మెకానిక్ ఒకాయన పక్కన కూర్చుని చూశాను. కోలారు వైపు షెడ్డు ఆయనది. అటు ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, ఆయనా అంతే. 2015లో డకార్ ఎడారి ర్యాలీని పూర్తిచేసి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ డర్ట్ పార్కు పెట్టింది కూడా ఈ కోలారు ప్రాంతంలోనే. అక్కడి ఎర్రమట్టి వేసవిలో పిండిలా లేస్తుంది. ముందు పోయే బండి వెనకాల నాలుగు బళ్లు ఆ దుమ్మునే పీలుస్తూ పోవాలి.

ఎంత గాలి పీలుస్తాయో లెక్క కడితే ఆశ్చర్యం వేస్తుంది. 450 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకొకసారి సిలిండర్ నిండా గాలి లాక్కుంటుంది. నిమిషానికి దాదాపు 2,000 లీటర్లు. ఆ గాలిలో తేలే ఇసుక రేణువుల్లో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, మామూలు ఉక్కు కత్తిది 5.5 దగ్గర. అంటే మట్టిది పైచేయి. చాలా మోటోక్రాస్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వులు టైటానియంతో చేస్తారు. తేలిగ్గా ఉంటాయి గానీ, దుమ్ము తగిలితే వాటి అంచు త్వరగా అరిగి వాల్వు సీటులోకి దిగబడుతుంది. క్లియరెన్స్ తగ్గిపోతుంది. బండి స్టార్టవడానికి మొరాయిస్తుంది. అందరూ ప్లగ్గునీ బ్యాటరీనీ అనుమానిస్తారు, తప్పు మాత్రం ఎప్పుడో ఫిల్టర్ దగ్గర జరిగి ఉంటుంది.

ఈ దుమ్ముకు అడ్డం నిలిచేది పాలియురెథేన్ ఫోమ్. మంచి ఫిల్టర్లలో రెండు పొరలుంటాయి. బయటిది పెద్ద రంధ్రాలది, లోపలిది సన్నటిది. ముతక మట్టి పైపొరలోనే ఆగుతుంది, మెత్తటి దుమ్ము లోపలి దాకా వెళ్లి అక్కడ చిక్కుతుంది. ఈ చిక్కించే పని ఫోమ్ ఒక్కటే చేయలేదు. అసలు పని నూనెది. వంకరటింకర దారుల్లో గాలి మలుపు తిరిగినప్పుడు బరువైన రేణువు తిరగలేక గోడకు తగులుతుంది, జిగట ఉంటే అక్కడే అతుక్కుపోతుంది. పొడి ఫోమ్‌లోంచి మెత్తటి దుమ్ము దర్జాగా దాటిపోతుంది.

ఆ మెకానిక్ సీటు తీయకముందే బండి వెనక భాగమంతా తడిగుడ్డతో తుడిచాడు. సీటు కింది దుమ్ము లోపల పడకూడదని. బోల్టు విప్పి ఫిల్టర్‌ను నిటారుగా, వణక్కుండా ఎత్తాడు. అంచున ఆగిన ఇసుక గింజ ఒక్కటి జారినా నేరుగా ఇంజన్ దారిలో పడుతుంది. ఎత్తీ ఎత్తగానే కడగలేదు. టార్చి వేసి ఫిల్టర్ కూర్చునే చోటును, దాని వెనక రబ్బరు గొట్టం లోపలి గోడను చూశాడు. తెల్లగుడ్డ వేలికి చుట్టి ఆ గోడ చుట్టూ తిప్పి బయటికి తీశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. "ఇది చూడకుండా కడిగితే ఏం లాభం సార్?" అన్నాడు. అక్కడ సన్నటి ఎర్ర చార కనబడితే దుమ్ము ఫిల్టర్‌లోంచి కాదు, దాని పక్కనుంచి వస్తోందన్నమాట. చార ఏ వైపుందో చూస్తే అంచు ఎక్కడ కుదరలేదో తెలిసిపోతుంది. కడిగాక ఈ సాక్ష్యం దొరకదు. ఆ తర్వాతే గొట్టం రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, ఫిల్టర్ ఉండే బాక్సు లోపల తుడిచాడు.

కడగడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫిల్టర్ క్లీనర్ ఉంటే మంచిదే, ఆయన మాత్రం కిరోసిన్‌లో ముంచి, తర్వాత సబ్బునీళ్లలో రెండుసార్లు కడుగుతాడు. పెట్రోలు మాత్రం ముట్టనివ్వడు. పొరలను అతికించిన జిగురు వదిలిపోతుంది, మంట భయం సరేసరి. పక్కనున్న కుర్రాడు నీళ్లు పిండటానికి ఫోమ్‌ను మెలితిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. "మెలితిప్పొద్దురా, అతుకు చిరుగుతాది. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కు." ఆరబెట్టేది నీడలోనే. తడి మిగిలిన చోట నూనె పట్టదు కాబట్టి పూర్తిగా ఆరేదాకా ఆగాల్సిందే.

ఆయన పనితనం నిజంగా కనిపించేది నూనె దగ్గర. చేతులకు ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని, సీసాలోంచి కొద్దికొద్దిగా ఒంపుతూ, తలకు నూనె పట్టించినట్టు వేళ్లతో ఫోమంతా పట్టిస్తాడు. ఫిల్టర్ నూనెకు కంపెనీలు నీలమో ఎరుపో రంగు కలిపేది అందుకే, పట్టని చోటు కంటికి కనిపించాలని. మడతలు విప్పి, అతుకుల లోపల చూసి, పాలిపోయినట్టున్న ప్రతి మచ్చా పోయేదాకా వదలడు. తర్వాత నొక్కి అదనపు నూనె తీసేస్తాడు. ఎక్కువైతే గాలి ఆడదు, తక్కువైతే దుమ్ము ఆగదు. కొందరు మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసేస్తారు. అది జారి కిందికి చేరుతుంది, ఫోమ్ పైభాగం పొడిగా మిగులుతుంది. అసలు ఫిల్టర్ నూనెలో సాల్వెంట్ ఉంటుంది. అది ఎగిరిపోయాక మిగిలేది జిగట. అందుకే నూనె పట్టించిన వెంటనే బిగించడు, కాసేపు పక్కన పెడతాడు.

అంతకన్నా ముఖ్యమైనది అంచు. ఎంత బాగా కడిగినా, ఎంత సమంగా నూనె పట్టించినా, అంచు దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలితే గాలి అటే పోతుంది, దుమ్మూ దాని వెంటే పోతుంది. ఆయన బాక్సుకు ఆనే అంచు చుట్టూ తెగిపోకుండా సన్నటి గ్రీజు గీత వేశాడు. ఫోమ్‌ను, దాన్ని లోపలినుంచి నిలబెట్టే కేజ్ మీద ముడత లేకుండా సర్దాడు. లోపల పెట్టాక బోల్టు బిగించే ముందు కళ్లు పక్కకు తిప్పుకుని, చూపుడు వేలిని అంచు చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ఒకచోట ఆగి, తీసి, మళ్లీ పెట్టాడు. అక్కడ నా కంటికి ఏ తేడా కనిపించలేదు. ఆయన వేలికి తెలిసింది.

ఈ పని ఎంత విలువైనదో డకార్ లాంటి ర్యాలీలో బాగా తెలుస్తుంది. 2020 నుంచి ఆ ర్యాలీ సౌదీ అరేబియాలో జరుగుతోంది. మారథాన్ స్టేజి రాత్రి మెకానిక్ సాయం ఉండదు, బండి పని రైడరే చూసుకోవాలి. రోజంతా ఎడారిలో నడిపి అలసిన చేతులతో ఎవరు కడుగుతారు? ముందే నూనె పట్టించిన ఫిల్టర్‌ను ప్లాస్టిక్ సంచిలో మూసి దగ్గర ఉంచుకుంటారు. పాతది తీసి, అంచు తుడిచి, కొత్తది కూర్చోబెట్టడమే. ఆ రెండు నిమిషాల పనిలో మర్నాటి ఇంజన్ భద్రత ఉంటుంది.

మనం రోజూ నడిపే బళ్లకు ఈ పద్ధతి వర్తించదని మాత్రం చెప్పాలి. వాటిలో ఎక్కువగా ఉండేది కాగితం ఫిల్టర్. అందులోనూ కొన్ని నూనె పట్టించిన కాగితంతో చేసినవి. వాటికి గాలి కొట్టినా, కడిగినా పాడవుతాయి. సమయం రాగానే మార్చేయడమే దారి.

ఫోమ్‌కూ ఆయుష్షు ఉంటుంది. కడిగి ఆరాక ఆయన దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తాడు, అతుకుల మీద బొటనవేలితో నొక్కుతూ పోతాడు. నొక్కి వదిలితే మునుపటి ఆకారానికి రాకపోయినా, పొర విడిపోతున్నా, అంచు గట్టిపడినా ఇక దాన్ని వాడడు. పారేసే ముందు కత్తెరతో రెండు ముక్కలు చేస్తాడు. అలా చేయకపోతే ఎవరో ఒకరు ఏరుకుపోయి, కడిగి, మళ్లీ బండికి బిగించేస్తారట.